మామూలు పోలరైజింగ్ మైక్రోస్కోపుతో అయస్కాంత డొమైన్లు కనిపిస్తాయా?

మీ కళాశాలలో రాళ్లను పరిశీలించే పోలరైజింగ్ మైక్రోస్కోపు ఉందని, సిలికాన్ మీద వేసిన కోబాల్ట్-ప్లాటినం పొరలో డొమైన్లను (అయస్కాంతీకరణ అంతా ఒకే దిశలో ఉండే చిన్న ప్రాంతాలను) దానితో చూడవచ్చా అని అడిగారు. కాంతి కింది నుంచి మాత్రమే వచ్చే రకమైతే కుదరదు. సిలికాన్ ఆ వెలుగును పైకి రానివ్వదు. వెలుగు పైనుంచి పడి, అదే అబ్జెక్టివ్ (నమూనా వైపు కటకం) గుండా వెనక్కి వచ్చే అమరిక కావాలి.

అలాగని ఉన్నదాన్ని మూలన పెట్టకండి. బిస్మత్ కలిసిన గార్నెట్ (కాంతిని తనగుండా పోనిచ్చే అయస్కాంత పదార్థం) పొర ఒకటి సంపాదించండి. ఫారడే ప్రభావం వల్ల అందులోంచి వెళ్లే కాంతి ధ్రువణ తలం (కాంతి కంపించే తలం) డిగ్రీల లెక్కన తిరుగుతుంది కాబట్టి మెలికలు తిరిగిన నలుపు తెలుపు చారలు నేరుగా కంటికే కనిపిస్తాయి. చిన్న అయస్కాంతం దగ్గరికి తెస్తే ఒక రంగు చారలు లావెక్కుతాయి, రెండోవి చిక్కిపోతాయి. కొత్తగా వచ్చిన విద్యార్థులకు నేను ముందు చూపించేది ఇదే. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

లోహపు పొర అంత సులువుగా లొంగదు. 1870లలో జాన్ కెర్ కనుగొన్న ప్రభావమే ఇక్కడ ఆధారం: అయస్కాంతీకరించిన లోహం మీద పడి వెనక్కి వచ్చే కాంతి ధ్రువణ తలం కాస్త తిరుగుతుంది. కోబాల్ట్-ప్లాటినంలో ఆ భ్రమణం డిగ్రీలో పదో వంతు స్థాయిలో ఉంటుంది, నికెల్-ఇనుము మిశ్రలోహమైన పెర్మల్లాయ్‌లో ఇంకా తక్కువ. అంత చిన్న మార్పు తెలియాలంటే మిగతా కాంతిని వీలైనంత ఆర్పేయాలి. నమూనా పెట్టగానే బెర్ట్రాండ్ కటకం (అబ్జెక్టివ్ వెనుక తలాన్ని చూపే కటకం) వేసి చూడండి. నల్లటి శిలువ ఆకారం స్పష్టంగా కనిపించాలి. అది వంకరపోతే అబ్జెక్టివ్ గాజులో ఒత్తిడి ఉన్నట్టే, ముందు దాన్ని మార్చండి. ఆ తర్వాత కాంతి వచ్చే రంధ్రమైన అపర్చర్‌ను శిలువ నడిమికి మూయండి. అయస్కాంతీకరణ పొర తలంలోనే ఉండే పెర్మల్లాయ్‌కైతే దాన్ని శిలువ చేతి మీదుగా పక్కకు జరపాలి, కాంతి ఏటవాలుగా పడాలి కదా. చూసే వైపున్న ధ్రువణ ఫిల్టరైన అనలైజర్‌ను పూర్తి చీకటి నుంచి ఒకటి రెండు డిగ్రీలు తిప్పితే చాలు.

అప్పటికీ తెర బూడిదరంగుగానే ఉంటుంది, కంగారుపడకండి. పొరను ఒక దిశలో సంతృప్తపరిచి (మొత్తం అదే దిశలో అయస్కాంతీకరించి), కొన్ని ఫ్రేముల సగటు చిత్రాన్ని దాచుకుని, తర్వాత ఎదురు దిశలో అయస్కాంత క్షేత్రం ఇస్తూ తీసే చిత్రాల్లోంచి దాన్ని తీసివేయండి. గీతలు, దుమ్ము మాయమై, ఏదో ఒక లోపం దగ్గర పుట్టిన మచ్చ అంచులు చాచుకుంటూ పాకడం కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. నిలువు అయస్కాంత క్షేత్రం అబ్జెక్టివ్ గాజులో కూడా ధ్రువణాన్ని తిప్పుతుంది, దాంతో చిత్రం మొత్తం వెలుగు మారి అయస్కాంత మార్పులా భ్రమ కలిగిస్తుంది. నేను క్షేత్రాన్ని పల్స్‌గా ఇచ్చి, సున్నాకు వచ్చాకే చిత్రం తీస్తాను. కోబాల్ట్-ప్లాటినం పొరల్లో డొమైన్ గోడలు (డొమైన్ల మధ్య సరిహద్దులు) సాధారణంగా ఆగిన చోటే నిలుస్తాయి కాబట్టి దీనివల్ల నష్టం లేదు.