నా వృత్తి గురించి నాకే పాఠాలు చెప్పే మగ బంధువులకు ఎలా జవాబివ్వాలి?

ఊరుకుంటే చులకన చేస్తున్నారు, ఎదురు చెబితే పొగరంటున్నారు, ఏం చేయాలని అడిగారు. ఎదురు చెప్పండి. పొగరన్న మాట ఎలాగూ వస్తుంది, మాట్లాడినా మాట్లాడకపోయినా ఎవరో ఒకరు అంటారు. అయితే ఆ చెప్పేదేదో మీ పనిలోని వివరంతో చెప్పండి. అది నేను చూసి నేర్చుకున్న పద్ధతి.

నేను నెల్లూరు జిల్లా ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదువుకున్నాను. ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతులకు నీటి పరీక్షలు చేస్తాను. కోవూరులో ఒక పెళ్లి భోజనాల దగ్గర బాబాయి వరసయ్యే పెద్దాయన నా ఉద్యోగం సంగతి విని ఇలా మొదలుపెట్టారు: "చూడమ్మా, నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. రాత్రిపూట నీళ్లు చల్లబడతాయి. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. కాబట్టి రాత్రంతా ఏరేటర్లు తిప్పడం కరెంటు దండగ." ఏరేటర్లంటే నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు.

చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ పడుతుందన్నది నిజమే. కానీ రొయ్యల గుంట అంటే ఉత్త నీళ్లు కాదు కదా. పగలు ఎండలో నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచే తిరిగి పీల్చుకుంటుంది. దానికి తోడు రొయ్యలు, అడుగున కుళ్లుతున్న మేత. అందుకే ఆక్సిజన్ రాత్రంతా తగ్గుతూ వచ్చి, పొద్దు పొడిచే ముందు అన్నిటికంటే తక్కువకు దిగుతుంది. రొయ్యలు పైకి తేలి రైతు గుండె ఆగినంత పనయ్యేది ఆ వేళలోనే.

ఈ పాఠమంతా ఆయనకు అప్పజెప్పలేదు. ఒకే ప్రశ్న వేశాను: "బాబాయ్, మీ గుంటలో తెల్లవారుజామున డీఓ ఎంత వస్తోంది?" డీఓ అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్. కుర్రాడు మధ్యాహ్నం చూస్తాడన్నారు. వనామి రకం రొయ్యకు అది 4 పీపీఎం, అంటే లీటరు నీటికి 4 మిల్లీగ్రాముల కంటే తగ్గకుండా చూసుకోవాలనీ, మధ్యాహ్నం లెక్కను నమ్మి రాత్రి ఏరేటర్లు ఆపితే పంట మొత్తం పోవచ్చనీ, ఒక్కసారి తెల్లవారుజామున నాలుగింటికి కొలిపించి చూడమనీ చెప్పాను. ఆయన నా మొహం చూడలేదు. పక్కనున్న మా ఆయన వైపు తిరిగి "ఏమంటావు అల్లుడూ?" అన్నారు. మా ఆయన బ్యాంకు ఉద్యోగి. "నాకేమీ తెలియదు మామయ్యా, తననే అడగండి" అన్నాడు. అప్పుడు గానీ బాబాయి ప్రశ్న నా దాకా రాలేదు.

పెద్దవాళ్లు అందరికీ చెప్పినట్టే నీకూ చెప్పారు, ఎందుకంత పట్టించుకుంటావని మా అమ్మ అంది. నిజంగా అందరికీ చెప్పేవాళ్లు ఉంటారు, వాళ్ల మీద నాకే కోపమూ లేదు. కానీ అదే పంక్తిలో మా తమ్ముడూ కూర్చున్నాడు. విశాఖలో కంప్యూటర్ ఉద్యోగం, గుంట గట్టెక్కి ఎరగడు. బాబాయి వాడినడిగింది ఏమిటో తెలుసా? "ఈసారి రెండో పంట వేయమంటావా?" అని. తెలియనివాడిని సలహా అడిగి, తెలిసిన నాకు పాఠం చెప్పారు. మీ బంధువుల దగ్గరా ఇది గమనించండి. మీకు చెప్పిన పాఠం మీ అన్నకో తమ్ముడికో కూడా చెబుతారా? చెబితే అది వాళ్ల అలవాటు. చెప్పకపోతే మీరు ఆడవారు కాబట్టే చెబుతున్నారు.

నాకు బాధ కలిగించేది అవమానం ఒక్కటే కాదు, దానివల్ల జరిగే నష్టం కూడా. రొయ్యల తలలు తీసే షెడ్లలో ఆడవాళ్ల వేళ్లకు పెంకు వదులైన రొయ్య తాకగానే తెలుస్తుంది. ఆ మాట రైతుకు చేరితే తర్వాతి పంటకైనా పనికొస్తుంది, కానీ వాళ్లను అడిగేవారు లేరు. 1992లో ఇదే జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. చదువు తరగతుల్లో కూర్చుని తమ ఇళ్ల సంగతి తామే మాట్లాడుకున్నారు. సారా ఇంటినెలా కూల్చుతుందో వాళ్లకు ఇంకొకరు వివరించాల్సిన అవసరం రాలేదు. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రమంతా సారాను నిషేధించింది.

మీ విషయానికొస్తే, ఎవరైనా మొదలుపెట్టగానే "ఇది నేను రోజూ చేసే పనే" అని నవ్వకుండా చెప్పండి. ఆగకపోతే వాళ్లు కొలవనిది, చూడనిది ఏదో ఒకటి అడగండి. మాట మధ్యలో తుంచితే మళ్లీ మొదటి నుంచి అదే గొంతుతో చెప్పండి. ఆఫీసులో పైఅధికారి అయితే ముందే కాగితం మీద రాసి ఇవ్వడం మేలు, తర్వాత అది ఎవరి ఆలోచనో అందరికీ తెలుస్తుంది. ఇంట్లో మాత్రం మీవారితో ఇప్పుడే మాట్లాడి ఉంచండి. మీ పని గురించిన ప్రశ్న తన వైపు వస్తే, తెలిసినా తెలియకపోయినా జవాబివ్వకుండా మిమ్మల్నే అడగమనాలి.