చావు సీన్ కంటే ముందు రాయాల్సింది

ప్రశ్న: మేడం, మాది ఆమదాలవలస దగ్గర పల్లె, డిగ్రీ చదువుతున్నాను. నాగావళి ఒడ్డున పెరిగిన ఇద్దరు కుర్రాళ్ళ స్నేహం మీద నవల రాస్తున్నాను. చివర్లో ఒకడు వరదలో కొట్టుకుపోతాడు. ఆ సీన్ ఎంత వివరంగా రాసినా చదివిన ఫ్రెండ్స్‌కి ఏమీ అనిపించట్లేదట. ఆ పేజీలు పంపుతున్నాను, లోపం ఎక్కడుందో చెప్పండి.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తమ్ముడూ, పేజీలన్నీ చదివాను. నీళ్ళ హోరు, కేకలు అన్నీ బాగానే ఉన్నాయి, కానీ పోయిన కుర్రాడు ఎవరో నాకు తెలీలేదు, ఇక ఏడుపెలా వస్తుంది?

కేథరిన్ పేటర్సన్ రాసిన ‘బ్రిడ్జ్ టు టెరబీతియా’ (1977) దొరికితే చదువు, పిల్లల పుస్తకమని పక్కన పెట్టకు. అమెరికాలో వర్జీనియా పల్లెటూరు. జెస్ అనే పదేళ్ళ అబ్బాయి క్లాసులో అందరికంటే వేగంగా పరిగెత్తాలని వేసవంతా ప్రాక్టీస్ చేస్తే, కొత్తగా పక్కింటికొచ్చిన లెస్లీ మగపిల్లలందర్నీ ఓడించేస్తుంది. అలా మొదలైన స్నేహంలో ఇద్దరూ తాడు పట్టుకుని వాగు మీదుగా ఊగి, అవతలి అడవిలో తమకంటూ టెరబీతియా అనే ఒక ఊహా రాజ్యం కట్టుకుంటారు. తర్వాత వానలు పడి వాగు పొంగుతుంది, జెస్‌కి భయమే కానీ పైకి చెప్పలేడు. ఒకరోజు ఇష్టమైన మ్యూజిక్ టీచర్ వాషింగ్టన్‌లో మ్యూజియం చూపిస్తానంటే వెళ్తాడు. లెస్లీని కూడా పిలిచి ఉండొచ్చని దారిలో తడుతుంది, అయినా టీచర్‌తో తనొక్కడే ఉన్నందుకు లోలోపల సంతోషమే. ఇంటికొచ్చేసరికి తాడు తెగి లెస్లీ చనిపోయి ఉంటుంది.

గమనించావా, చావు సీనే లేదు! కథ మొత్తం జెస్ వెంటే నడుస్తుంది, వాడు చూడనిది మనమూ చూడం. మనల్ని కోసేది వాగు కాదు, పిలవకుండా వెళ్ళిపోయాననే బాధ. ముందు నమ్మడు, తర్వాత కోపంతో లెస్లీ ఇచ్చిన రంగుల పెట్టెను వాగులోకి విసిరేస్తాడు. పదేళ్ళవాడి దుఃఖం అలాగే ఉంటుంది మరి.

ఇంకో విషయం. రచయిత్రి కొడుకు స్నేహితురాలు నిజంగానే చిన్న వయసులో పిడుగు పడి చనిపోయింది, ఆ దుఃఖంలోంచే ఈ నవల పుట్టింది. నవలలో మాత్రం పిడుగు లేదు, తాడు ఉంది. పిడుగు ఎక్కడినుంచో వచ్చి పడేది, తాడేమో మొదట్నుంచీ వాళ్ళ ఆట, వాళ్ళ సంతోషం. అదే తెగిపోవడం వల్ల అంత నొప్పి. నా దృష్టిలో ఈ నవల బలమంతా ఇక్కడే ఉంది.

నీ నవలకొస్తే, ఆ ఇద్దరికీ ఒక చోటు ఇవ్వు, వేసవిలో నాగావళి మధ్య తేలే ఇసుక దిబ్బ లాంటిది, అక్కడ వాళ్ళు ఏం ఆడేవారో, దేనికి అలిగేవారో తీరిగ్గా రాయి. వరదకి ముందు పేజీల కొద్దీ ఉరుములు అక్కర్లేదు, మన దగ్గర ఎండ కాస్తున్నా పైన ఒడిశా కొండల్లో వానపడితే నది పొంగుతుందని నీకు నేను చెప్పాలా? ఆ తెల్లటి ఎండలోనే బతికున్నవాడి చేత ఏదో చిన్న తప్పు చేయించు, ఒక అబద్ధమో, వస్తానని చెప్పి రాకపోవడమో. వాళ్ళిద్దరూ మీ ఊరి యాసలోనే మాట్లాడుకోవాలి, ఇప్పుడున్న పుస్తకాల భాష తీసెయ్. శ్రీకాకుళంలో కథకుడు కాళీపట్నం రామారావు గారు పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం, మీకు దగ్గరే కదా, వెళ్ళి ఉత్తరాంధ్ర కథకులు సంభాషణలు ఎలా రాశారో చూడు. ముందు ఆ దిబ్బ చాప్టర్ రాసి పంపు, వరద సంగతి తర్వాత చూద్దాం.