సర్టిఫికెట్ పదేళ్లు ఉంటుంది, చేతి అలవాటు తొమ్మిది నెలల్లో పోతుంది

గుణుపురం నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. మహిళా సంఘం తరఫున 2024లో పదిహేను రోజుల శిక్షణ పూర్తి చేసి డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. వరి కోతల తర్వాత పని లేక డ్రోన్ మూలన ఉంది. రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష రాయకపోతే సర్టిఫికెట్ చెల్లదని ఎవరో వీడియోలో చెప్పారట. అది నిజమేనా, డబ్బు కట్టి మళ్లీ శిక్షణకు వెళ్లాలా అని ఆమె అడుగుతున్నారు.

చెల్లెమ్మా, ముందు ఆ రెండేళ్ల భయం వదిలేయండి. ఆ నిబంధన అమెరికాది. అక్కడ పార్ట్ 107 అనే నిబంధన కింద డ్రోన్ నడిపేవారు 24 నెలలకోసారి తమ పరిజ్ఞానాన్ని నవీకరించుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి అది కూడా ఆన్‌లైన్‌లో ఉచితంగానే చేసుకోవచ్చు. ఆ వీడియోలు చూసి మన తెలుగువారు చాలామంది అదే మనకూ వర్తిస్తుందని చెప్పేస్తున్నారు.

మనకు వర్తించేవి 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాలు. వాటి ప్రకారం పైలట్ సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ పొడిగించుకోవచ్చు. మీది 2034 వరకు ఉంటుంది. అయితే ఆ నియమంలోనే రెండు షరతులు ఉన్నాయి, వాటిని చాలామంది చదవరు. పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) ఎప్పుడైనా పునశ్చరణ శిక్షణ నిర్దేశిస్తే దానికి హాజరు కావాలి. సర్టిఫికెట్ డిజిటల్ స్కై పోర్టల్ (డ్రోన్ల కోసం కేంద్రం పెట్టిన వెబ్‌సైట్) జాబితాలో ఉంటేనే చెల్లుతుంది. ఇప్పుడు డ్రోన్ సేవలు చాలావరకు ఆ డైరెక్టరేట్‌దే అయిన ఈజీసీఏ పోర్టల్‌కు మారాయి. అందుకని ఏడాదికి రెండుసార్లయినా లాగిన్ అయి మీ పేరు, నంబరు, తేదీలు సరిగా కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. శిక్షణ సమయంలో ఇచ్చిన ఫోను నంబరు సంఘం కార్యదర్శిదైతే, ఆమె సిమ్ మార్చిన రోజున మీకు సమాచారం ఆగిపోతుంది. వెంటనే మీ నంబరు పెట్టించుకోండి.

ఒడిశాలో ఉన్న మన తెలుగువారికి పేరు విషయంలో ఇంకో చిక్కు ఉంది. నేను కాశీనగరంలో ఒడియా బడిలో చదివాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో మా ఇంటిపేరు చివర ఉంది, ఆధార్‌లో ముందు ఉంది. 2022లో నేను శిక్షణకు వెళ్లినప్పుడు పాస్‌పోర్టు కూడా అడిగేవారు. మూడు కాగితాల్లో మూడు రకాల పేర్లను ఒకటి చేయించుకోవడానికి బరంపురం, భువనేశ్వర్ చుట్టూ రెండు నెలలు తిరిగాను. 2023 సెప్టెంబరు సవరణ తర్వాత పాస్‌పోర్టు అవసరం లేదు. ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సుల్లో ఏదో ఒకటి చాలు. పేరు తేడా ఉంటే మాత్రం ఇప్పుడే దిద్దించుకోండి. పొడిగింపు సమయానికి ఆ కాగితాల కోసం పరుగెత్తే పని పెట్టుకోవద్దు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది ఇది. కాగితం ఎన్నేళ్లు చెల్లినా చేతి అలవాటు అన్నాళ్లు నిలవదు. నాకు ఇది నష్టపోయాకే తెలిసింది.

2022 జూన్‌లో సర్టిఫికెట్ వచ్చింది. ఆ ఖరీఫ్‌లో సెప్టెంబరు నుంచి నవంబరు వరకు కాశీనగరం, పర్లాకిమిడి చుట్టుపక్కల వరి మడుల్లో చేతినిండా పని. సుడిదోమ ఎక్కువగా ఉన్న ఏడాది కావడంతో తెల్లవారకముందే పొలంలో ఉండేవాణ్ణి. కోతలు అయ్యాక డ్రోన్‌ను తుడిచి పెట్టెలో పెట్టాను. మళ్లీ దాన్ని తీసింది 2023 ఆగస్టు చివరలో, కొత్తూరు వైపు మా మేనమామ గారి పొలంలో. మధ్యలో తొమ్మిది నెలలు ఒక్కసారి కూడా లేపలేదు.

సగం ట్యాంకు పిచికారీ అయ్యేసరికి డ్రోన్‌కు ఉపగ్రహ సంకేతం తెగిపోయింది. అప్పుడది తనంతట తాను ఒకచోట నిలబడదు. ఎత్తును, సమతలాన్ని మాత్రం కాపాడుకుంటూ గాలి ఎటు తోస్తే అటు జరిగిపోతుంది. దీన్నే యాటిట్యూడ్ మోడ్ అంటారు. శిక్షణలో మాకు బాగానే నేర్పారు. ఆ క్షణంలో డ్రోన్ ముఖం నా వైపు ఉంది. ముఖం మన వైపు ఉన్నప్పుడు మన కుడి దానికి ఎడమ అవుతుంది. అది నా ఎడమకు, గట్టు మీది తాటి చెట్ల వైపు జరుగుతోంది. నేను రిమోట్ మీది కర్రను కుడికి నొక్కాను. అది ఇంకా వేగంగా చెట్ల మీదికే వెళ్లింది. తప్పు తెలిసేసరికి రెండు సెకన్లు గడిచాయి, అంతే. రెక్కలు తాటి మట్టలకు తగిలి, మందుతో సహా మడిలో కూలింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. మామయ్య ఒక్క మాట కూడా అనలేదు, గట్టు దిగి బురదలోంచి ముక్కలు ఏరి నాకు అందించారు. డ్రోన్‌కు మోటార్లను మోసే రెండు చేతులు, నాలుగు ప్రొపెల్లర్లు, ఒక మోటారు పోయాయి. నాకున్నది మూడో పక్షానికి జరిగే నష్టానికి బీమా మాత్రమే. నానో డ్రోన్లకు (250 గ్రాముల వరకు బరువున్నవి) తప్ప మిగతా వాటన్నిటికీ అది తప్పనిసరి. కానీ అది ఇతరుల నష్టానికే వర్తిస్తుంది, సొంత డ్రోన్ విరిగితే వేరే బీమా ఉండాలి. మరమ్మతు ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా పోర్టల్ ద్వారా తెలియజేయాలని నియమాల్లో ఉంది. మరుసటి రోజు సాయంత్రం అది చేశాను. మీ డ్రోన్ సంఘం పేరు మీద ఉంటుంది కాబట్టి బీమా గడువు ఏ తేదీతో ముగుస్తుందో సంఘం పుస్తకంలో రాయించండి. సర్టిఫికెట్ గడువు పదేళ్ల తర్వాత, బీమా గడువు ఏడాదికే.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి చెబుతాను. కోతలయ్యాక మడులన్నీ ఖాళీగా ఉంటాయి. వారానికి ఒక ఉదయం, గాలి లేవకముందు, ట్యాంకులో మంచినీళ్లు పోసి ఇరవై నిమిషాలు ఎగరేస్తాను. మొదట డ్రోన్ ముఖం నా వైపు తిప్పి ఒకేచోట నిలపడం, తర్వాత అదే స్థితిలో కుడి ఎడమలకు నడపడం. ఆపైన యాటిట్యూడ్ మోడ్‌లో ఎనిమిది అంకె గీయడం, చివరగా డ్రోన్ బయలుదేరిన చోటికి దానంతట అదే తిరిగి వచ్చే బటను నొక్కకుండా చేత్తోనే దించడం. ఎత్తు తక్కువగా, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుంటాను. వాన రోజుల్లో కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద సాధన. నీళ్లతో ఎగరేయడం వల్ల ఇంకో లాభం ఉంది. బరువుతో డ్రోన్ ఆగడానికి ఎంత దూరం పడుతుందో చేతికి గుర్తుంటుంది, నాజిళ్లు మూసుకుపోయి ఉంటే అప్పుడే తెలుస్తుంది.

బ్యాటరీలను నిండా చార్జ్ చేసి నెలల తరబడి వదిలేయకండి, ఉబ్బిపోతాయి. బ్యాటరీలోని ఒక్కో సెల్లును 3.8 వోల్టుల దగ్గర ఉంచి, చల్లని పొడి చోట పెట్టండి. మొదటి ఏడాది నేను రెండు సెట్లు అలాగే పాడు చేసుకున్నాను.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, ఊరు, ఎన్ని నిమిషాలు, ఏ బ్యాటరీ, గాలి ఎలా ఉంది, ఏదైనా తేడా వచ్చిందా అని ప్రతిసారీ ఒక వరుస. ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం పెద్ద పని ఇచ్చే ముందు నా అనుభవానికి రుజువు అడిగింది. అప్పుడు నా దగ్గర సర్టిఫికెట్ కన్నా ఎక్కువ సేపు వాళ్లు చూసింది ఆ పుస్తకాన్నే. సరిహద్దుకు రెండు వైపులా పని చేసేటప్పుడు కూడా అది ఉపయోగపడింది. సర్టిఫికెట్ కేంద్ర నిబంధనలది కాబట్టి ఒడిశాలోనైనా ఆంధ్రలోనైనా ఒకటే. ఊరు మారినప్పుడు మాత్రం డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఆకుపచ్చ మండలంలో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) ఉందో లేదో చూసే బయలుదేరండి.

సంఘం వాళ్లు పెద్ద ట్యాంకు డ్రోన్ కొందామంటే ఒక్క నిమిషం ఆపండి. మీ సర్టిఫికెట్ మీద తరగతి రాసి ఉంటుంది. చిన్న (స్మాల్) తరగతి అంటే మందుతో కలిపి మొత్తం బరువు 25 కిలోల వరకే. పది లీటర్ల ట్యాంకు డ్రోన్లు ఎక్కువగా ఆ లోపే ఉంటాయి. అంతకన్నా పెద్దది తీసుకుంటే మధ్యస్థ (మీడియం) తరగతిలోకి వెళ్లవచ్చు, దానికి మీ సర్టిఫికెట్ సరిపోదు. కొనే ముందే గరిష్ఠ బరువు ఎంతో రాతపూర్వకంగా అడగండి.

ఇక మళ్లీ శిక్షణ గురించి. మొత్తం రుసుము కట్టి మొదటి నుంచి వెళ్లాల్సిన అవసరం మీకు లేదు. మీకు నేర్పిన సంస్థనే అడగండి, బోధకుడి పక్కన ఒక పూట ఎగరేసే అవకాశం ఇస్తారేమో చూడండి. అది కుదరకపోతే గుణుపురం నుంచి కాశీనగరం రైల్లో దగ్గరే. సంఘంలో ఇంకొకరిని తోడు తీసుకుని మే నెలలో ఒక ఉదయం రండి, మా మడులు అప్పుడు ఖాళీగానే ఉంటాయి. నా డ్రోన్ మీదే సాధన చేయవచ్చు. మీ నోటుపుస్తకం మాత్రం తెచ్చుకోండి, మొదటి వరుస ఇక్కడే రాసుకుందురు గాని.