అప్పు తీర్చే తొందరలో అటకను మరిచారు

ప్రశ్న: పాత ఇల్లు కొని రెండేళ్లయింది. ఈమధ్య అటక ఎక్కి చూస్తే సీలింగ్‌ను మోసే దూలాల్లో మూడింటి చివర్లు దేనిమీదా ఆనలేదు. కింద ఉండాల్సిన అడ్డగోడను పాత యజమాని తీసేశారట. బాగుచేయడానికి మా మూడు నెలల ఇంటిఖర్చంత అవుతుందంటున్నారు. మిగిలిన డబ్బంతా గృహరుణం ముందుగా తీర్చడానికే కట్టేశాం. క్రెడిట్ కార్డు మీద తీసుకుని, పనిలో పనిగా అటకను గదిగా మార్చుకోవచ్చా?

జవాబు: కార్డు వద్దు, గదీ వద్దు. నెలకు 3 శాతం వడ్డీ వినడానికి చిన్నదే. కట్టకుండా వదిలేస్తే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. తక్కువ వడ్డీ అప్పును పరుగున తీర్చి ఇంత వడ్డీకి కొత్త అప్పు చేయడం పెనం మీంచి పొయ్యిలో పడటమే.

ఇల్లు కొన్నవాళ్లలో చాలామంది చేసే తప్పే ఇది. అప్పు త్వరగా తీరితే చాలనుకుంటారు, ఇంటికీ ఖర్చులుంటాయని తట్టదు. ముందస్తు చెల్లింపులు ఈ నెలే ఆపండి. ఆ డబ్బును అత్యవసర నిధికి మళ్లించండి. కిస్తీతో కలిపి కనీసం ఆరు నెలల ఖర్చు పోగవ్వాలి. పాత ఇల్లు కాబట్టి ఇంకో రెండు నెలలది కలుపుకోండి. అది నిండేదాకా గది ఊసెత్తొద్దు. పైగా సీలింగ్ దూలాలు సాధారణంగా సీలింగ్ బరువుకు, కొద్దిపాటి సామానుకు సరిపోయేవే. మనుషులు తిరిగే నేలకు లెక్క వేరు, ఖర్చూ వేరు.

మరమ్మతును మాత్రం వాయిదా వేయకండి. అటక మీది పెట్టెలు ఇవాళే దించండి. స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఫీజు ఇచ్చి చూపించండి. అప్పటిదాకా ఆ దూలాల కింద ఆసరాగా పోట్లు (గుంజలు) పెట్టాలా అన్నది కూడా ఆయన్నే అడగండి. దూలాలు మొత్తం మార్చాలా, పక్కన కొత్త కలప జోడించి బోల్టులు బిగిస్తే సరిపోతుందా, అడ్డంగా ఒక దూలం వేసి దాని మీద ఆనించాలా అన్నది ఆయన రాసిచ్చాకే కొటేషన్లు తీసుకోండి. పని చేసేవాళ్లే అంచనా కూడా వేస్తే అది పెరగడమే చూశాను.

బీమా మీద ఆశ పెట్టుకోకండి, పాత లోపాలకు మామూలుగా పరిహారం రాదు. డబ్బు తక్కువైతే ముందుగా కట్టినదాంట్లో కొంత వెనక్కి తీసుకునే వీలుందేమో, లేదంటే టాప్-అప్ (ఉన్న గృహరుణం మీదే అదనపు అప్పు) ఇస్తారేమో బ్యాంకును అడగండి. అదీ ఇంజినీరు రాసిచ్చిన పనికి ఎంత కావాలో అంతే.