సంస్థ లోపల న్యాయం అడగబోయే ముందు

అమ్మాయ్,

మీ ఆఫీసు గొడవ పిన్ని చెప్పింది. కాంట్రాక్టు పొడిగించని మీ కొలీగ్ కోసం హైకోర్టులో రిట్ వేద్దామనుకుంటున్నారట. కాస్త ఆగండి. మీది ఐక్యరాజ్యసమితి సంస్థ కదా, అలాంటివాటికి మన దేశంలో 1947 చట్టం కింద కోర్టు కేసుల నుంచి రక్షణ ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉద్యోగుల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఆ సంస్థ మీద రిట్ చెల్లదని 2003లో తీర్పొచ్చింది. లాయరు ఫీజు దండగ.

ముందు క్యాలెండర్ చూడండి. నిర్ణయం చేతికందిన రోజు నుంచి 60 రోజుల్లోగా సంస్థనే పునఃపరిశీలన కోరాలి. ఆ జవాబు వచ్చాక ఐక్యరాజ్యసమితి సొంత ట్రిబ్యునల్‌కి, అంటే లోపలి కోర్టుకి వెళ్లడానికి 90 రోజులు. "హెచ్‌ఆర్‌తో మాట్లాడుతున్నాం, చూద్దామన్నారు" అంటూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఇంకో మెయిల్ పెట్టి అదే జవాబు మళ్లీ తెప్పించుకున్నా గడువు కొత్తగా మొదలవదు. ఏ కాగితం ఏ రోజు అందిందో ఒక నోటుబుక్కులో రాసుకోమను. ఆఫీసు మెయిళ్లు గంపగుత్తగా సొంత జీమెయిల్‌కి పంపుకోవద్దను. తర్వాత దాన్నే తప్పుగా చూపించి ఎదురు కేసు పెడతారు.

ఇది ఆ ఒక్కడి కేసు సంగతి. రూల్సే మార్చాలని మీరు తలపెట్టిన ప్రచారం వేరు, రెండూ కలిపి కట్టొద్దు. అతనికి డబ్బిచ్చి రాజీ చేశారంటే మీ ఉద్యమం అక్కడితో సరి.

రూలు మారాలంటే అది ఎక్కడ తయారవుతుందో అక్కడికి పోవాలి. పాత పద్ధతిలో ఉద్యోగుల ఫిర్యాదుల మీద తోటి ఉద్యోగుల బోర్డులు సలహా ఇచ్చేవి, తేల్చేది మాత్రం సెక్రటరీ జనరల్. దానికి స్వతంత్రత లేదని 2006లో నిపుణుల ప్యానెల్ కడిగేసింది. 2009 జులై 1 నుంచి వృత్తి న్యాయమూర్తులతో కొత్త ట్రిబ్యునళ్లు వచ్చాయి. తెచ్చింది సభ్య దేశాలన్నీ కూర్చునే జనరల్ అసెంబ్లీ. ఇప్పటికీ ఈ విషయం అక్కడ బడ్జెట్ చూసే ఐదో కమిటీ, చట్టాల సంగతి చూసే ఆరో కమిటీల ముందుకే వెళ్తుంది. కంట్రీ ఆఫీసు బాసు మీద అరిచి లాభమేముంది? ఆయన చేతిలో ఏమీ లేదు. స్టాఫ్ యూనియన్ ద్వారా వెళ్లండి, మన విదేశాంగ శాఖకూ రాయండి.

అడిగేది సూటిగా ఉండాలి. "న్యాయం కావాలి" అంటే ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చేయరు. కన్సల్టెంట్లకు ఆ ట్రిబ్యునల్ తలుపు తెరుచుకోదు, వాళ్లకున్నది ఆర్బిట్రేషనే, అంటే మధ్యవర్తి తీర్పు. ఆ ఖర్చు వాళ్లెక్కడ భరిస్తారు? నాకైతే అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఇదే. మీ పక్క సీట్లో అదే పని చేసేవాళ్లు వాళ్లే కదా, మొదటి మీటింగ్‌కే పిలవండి. ఇక రెండోది: తొలగింపు చెల్లదని ట్రిబ్యునల్ తేల్చినా, ఉద్యోగం తిరిగి ఇచ్చే బదులు సంస్థ పరిహారం కట్టి వదిలించుకోవచ్చు. అదీ సాధారణంగా రెండేళ్ల మూల జీతం మించదు. ఈ రెండూ ఒక్క పేజీలో రాయండి.

"మాకు రక్షణ ఉంది" అని ఎవరైనా దబాయిస్తే, అంతర్జాతీయ న్యాయస్థానం 1954 అభిప్రాయం చదవమనండి. లోకానికి న్యాయం చెప్పే సంస్థ తన ఉద్యోగులకు ఏ న్యాయమార్గమూ లేకుండా చేయడం చార్టర్ ఆశయానికే పొసగదని అందులో ఉంది.

క్యాంటీన్‌లో ఊగిపోయేవాళ్లు సంతకం దగ్గర తల వంచుకుంటారు. వాళ్లను తిట్టుకోకు, ఒక్కొక్కరికి ఇంటి అప్పు ఉంటుంది. సంతకం పెట్టలేనివాళ్లు తేదీలు, కాగితాలు సర్దిపెట్టినా చాలు.

ఆదివారం తార్నాక వస్తే మీ స్టాఫ్ రూల్స్ ప్రింటు తీసుకురా, కూర్చుని చూద్దాం. ఆఫీసు ప్రింటర్ మీద మాత్రం తీయకు.

బాబాయ్