పేగు ఆపరేషన్ తర్వాత మా కుక్క అరుగుదల ఎలా కుదుటపడిందంటే

మీ కుక్కకు పేగులో కొంత భాగం తీసేసి పన్నెండు రోజులైందని, ఉడికించిన చికెన్, అన్నమే పెడుతున్నా లూజ్ మోషన్స్ తగ్గడం లేదని, తిండిలో ఏం మార్చాలని అడిగారు. నేను డాక్టర్ని కాను. రెండేళ్ల కిందట మా బ్రౌనీ ఒక సాక్సు మింగితే, అది పేగులో ఇరుక్కుని అక్కడి భాగం పాడైపోయి, కోసి తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలకు పైగా మాకు వేరే లోకం లేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

తిండి మార్చే ముందు ఒక విషయం కనుక్కోండి. పేగులో ఏ భాగం తీశారు? ఎంత తీశారు? ఆపరేషన్ నోట్సులో ఉంటుంది, అడిగితే ఇస్తారు. నేను మూడో వారం దాకా అడగలేదు. అప్పటికి నాలుగు రకాల తిండి మార్చేశాను. తీరా చూస్తే బ్రౌనీకి తీసింది చిన్నపేగు చివరి భాగం. బి12 విటమిన్ ఒంటికి పట్టేది అక్కడే. పైత్యరసంలోని ఆమ్లాలను తిరిగి పీల్చుకునేదీ అక్కడే. ఆ భాగం లేకపోతే అవి నేరుగా పెద్దపేగులోకి దిగి, దాన్ని రేపి విరేచనాలు చేయిస్తాయి. చికెన్ బదులు చేప పెట్టినంత మాత్రాన అది ఆగదు కదా! రక్తపరీక్షలో బి12 బాగా తక్కువగా ఉందని తేలింది. ఆరు వారాల పాటు వారానికొక ఇంజెక్షన్, తర్వాత నెలకొకటి. మొదటి రెండు మూడు ఇంజెక్షన్లకే ఆకలి మారింది. అదే పెద్దపేగులో భాగం తీసేస్తే కథ వేరు. నీళ్లు పీల్చుకునే చోటు తగ్గుతుంది కాబట్టి మోషన్ కొన్నాళ్లు పల్చగానే వస్తుంది.

ఇక నేను చేసిన అసలు తప్పు పరిమాణంలో. ఆపరేషన్ అయ్యి చిక్కిపోయిన కుక్క కళ్లలోకి చూస్తూ కొలిచి పెట్టడం ఎవరి తరం? గిన్నె నిండా పెట్టేదాన్ని. ఒకరోజు డాక్టరు గారు నా చేతే లెక్క కట్టించారు. కుక్క బరువును కిలోల్లో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి మళ్లీ ఒకసారి గుణించాలి. వచ్చినదానికి రెండుసార్లు వర్గమూలం తీసి 70తో గుణించాలి. బ్రౌనీ 16 కిలోలు. 16ను అలా చేస్తే 4,096, వర్గమూలం 64, మళ్లీ వర్గమూలం 8. ఎనిమిది డెబ్భైలు 560. అంటే కదలకుండా పడుకున్న కుక్కకు రోజుకు కావాల్సింది 560 కేలరీలు. సుమారు 300 గ్రాముల మెత్తటి అన్నం, 100 గ్రాముల చర్మం లేని చికెన్ బ్రెస్ట్‌తో సరిపోతుంది. నేను దాదాపు దానికి రెట్టింపు పెడుతున్నాను! పొట్టిదైపోయిన పేగు అంత తిండిని ఒకేసారి అరిగించుకోలేక కిందికి తోసేస్తోంది, నేనేమో చికెన్ పడలేదనుకుంటున్నాను.

ఆ రోజు నుంచి ఆ 400 గ్రాముల తిండినే ఆరు పూటలుగా చేశాం. పూటకు దాదాపు 67 గ్రాములు, వంటింటి త్రాసు మీద తూచి. నాలుగు రోజుల్లో మోషన్ గట్టిపడకపోయినా, రోజుకు ఏడెనిమిది సార్లు వెళ్లేది మూడుసార్లకు తగ్గింది. కోలుకుని తిరగడం మొదలయ్యాక ఆ 560 సరిపోదు, పెంచాలి. కానీ నెమ్మదిగా, బరువు చూసుకుంటూ.

కొవ్వు విషయంలో మాత్రం మొండిగా ఉండండి. చికెన్ ఉడికించిన నీళ్లు ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన గడ్డకడుతుంది, దాన్ని తీసేసి కింది నీళ్లు అన్నంలో కలపండి. కాస్త గోరువెచ్చగా పెడితే వాసనకైనా తింటాయి. రుచి కోసమని ఉల్లి, వెల్లుల్లి వద్దే వద్దు, అవి కుక్కలకు విషం. పసిపిల్లల రెడీమేడ్ ఆహారంలోనూ ఉల్లిపొడి ఉండొచ్చు, వెనుక చదవండి. పాలు కూడా ఇప్పుడు వద్దు.

పీచు గురించి మీకు చాలామంది చెప్పే ఉంటారు. ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు మంచిదని విని మొదటిరోజే మూడు చెంచాలు కలిపాను. రాత్రంతా పొట్టలో గుడగుడ, ఇంటిల్లిపాదికీ జాగారం. తర్వాత అర చెంచాతో మొదలుపెడితే పడింది. పెద్దపేగు సమస్యకు పీచు బాగా పనికొస్తుంది. చిన్నపేగు పొట్టిదైతే ఎక్కువ పీచు మంచిది కాదు, ఉన్న కాస్త పోషకాలనూ ఒంటికి పట్టనివ్వదు. ఇందుకే మొదట ఏ భాగం తీశారో తెలియాలి అన్నాను.

ఇంకొకటి, చికెన్, అన్నం ఎల్లకాలం పెట్టేది కాదు. అందులో కాల్షియం సరిగ్గా ఉండదు, ఇంకా కొన్ని ఖనిజాలు, విటమిన్లు కూడా. కొన్ని వారాలకు ఇబ్బంది లేదు, ఆ తర్వాత డాక్టరు రాసే తేలిగ్గా అరిగే పూర్తి ఆహారానికి మారాలి. మేము పది రోజులు తీసుకున్నాం, పావు వంతు కొత్తది, ముప్పావు పాతది అంటూ. ఏది మార్చినా ఒక్కటే మార్చి, మూడు రోజులు ఆగి చూడండి. నేను ఒక నోటుపుస్తకంలో పూట, గ్రాములు, మోషన్ ఎలా ఉందో రాసేదాన్ని. మోషన్‌కు 1 నుంచి 7 దాకా మార్కులు. 1 అంటే రాయి, 7 అంటే నీళ్లు, 2 లేదా 3 వస్తే పండగ. ఇంట్లో అందరూ నవ్వారు కానీ డాక్టరు గారు మాత్రం నన్ను ఏమీ అడగకుండా ముందు ఆ పుస్తకమే తీసుకునేవారు.

మనుషులకిచ్చే, విరేచనాలు ఆపే మాత్రలు మీ అంతట మీరు వేయకండి, కొన్ని జాతుల కుక్కలకు అవి ప్రమాదం. వాంతులు, తిండి పూర్తిగా మానేయడం, పొట్ట ఉబ్బడం, ముట్టుకుంటే మూలగడం, తారులా నల్లటి మోషన్, 39.5 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. కుట్లు ఊడే భయం ఎక్కువగా మొదటి ఐదు రోజులే, మీరు దాన్ని దాటేశారు. అయినా ఈ గుర్తులు కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు.

పన్నెండు రోజులు చాలా తక్కువ సమయం. మిగిలిన పేగు తీసేసిన భాగం పనిని నేర్చుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. బ్రౌనీకి పదకొండో వారంలో మొదటిసారి 3 వచ్చింది. ఇప్పటికీ కొన్ని రోజులు 4, రోజుకు నాలుగు పూటల తిండి. బరువు మాత్రం ఏడాదిగా 17 కిలోల దగ్గరే నిలబడింది, అందుకే ఆ 4 గురించి నేను అడగడం మానేశాను. మీ కుక్క బరువెంతో, ఇప్పుడు రోజుకు ఎన్ని గ్రాములు పెడుతున్నారో రాయండి, ఆ లెక్క కలిసి వేద్దాం.