వర్ధంతికి వేడుకలా?

ప్రశ్న: సెప్టెంబరు 25న నెల్లూరు వచ్చాను. తిప్పరాజువారి వీధిలో బాలుగారు కంచి మఠానికి ఇచ్చేసిన ఇంటికి దగ్గర్లో ఒక ఫ్లెక్సీ కనబడింది. ‘గానగంధర్వుడు ఎస్పీ బాలు 5వ వర్ధంతి వేడుకలు, అభిమానులకు శుభాకాంక్షలు’ అని ఉంది. నాకు మనసొప్పలేదు. మావారేమో ‘వర్ధంతి వృద్ధికి చెందిన మాట, అందులో అశుభం ఏముంది’ అంటారు. మా అబ్బాయి ఫోన్లో ‘శంకరాభరణం 45వ జయంతి’ అని ఇంకొకటి. సినిమాకు జయంతి ఉంటుందా? – ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, మీవారు చెప్పిందీ నిజమే, మీకు మనసొప్పకపోవడమూ న్యాయమే. ఫ్లెక్సీయే తప్పు.

ముందు మీవారి మాట. వర్ధంతి ‘వృధ్’ అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. పెరగడం అని అర్థం. నెల్లూరులోనే వర్ధమాన సమాజం ఉంది కదా, ఆ వర్ధమానానికీ ఈ వర్ధంతికీ మూలం ఒకటే. కన్నడంవాళ్లు ఇప్పటికీ పుట్టినరోజునే వర్ధంతి అంటారు. శృంగేరిలో పీఠం మీదున్న స్వామివారికి ఏటా వర్ధంత్యుత్సవం చేస్తారు. ఆ ఆహ్వానపత్రిక మొదటిసారి చూసినప్పుడు ‘అయ్యో, స్వామివారు ఎప్పుడు పోయారు?’ అని నా పక్కనున్నాయన ఉలిక్కిపడ్డాడు. ఆయన్నేమీ అనలేం. తెలుగులో ఆ మాట పోయినవాళ్ల రోజుకే స్థిరపడిపోయింది.

పెరిగే మాట పోయే రోజుకు ఎలా అంటుకుంది? నా ఊహ ఒకటి చెబుతాను. మన ఇళ్లలో చెడ్డమాట నోటితో అనరు. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటారు. దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మంగళసూత్రం. అది తెగితే మన పెద్దవాళ్లు ‘తెగింది’ అనరు, ‘పెరిగింది’ అంటారు. గాజు పగిలినా అదే మాట. తెగడాన్ని పెరగడం అనుకున్న జాతికి, చనిపోయిన రోజును వర్ధంతి అనడం కష్టమైన పనేమీ కాదు.

కాబట్టి వర్ధంతి తప్పు కాదు, ధాతువు చూపించి దాన్ని పుట్టినరోజుకు వాడబోతే జనం ఒప్పుకోరు. ధాతువు ఎక్కడ పుట్టిందో చెబుతుంది, మాట ఇప్పుడు ఎవరింట్లో కాపురం చేస్తోందో వాడుకే చెబుతుంది. తద్దినం అంటే ‘ఆ రోజు’ అనే కదా అక్షరార్థం! అలాగని పెళ్లిరోజును తద్దినం అంటే మీవారు ఊరుకుంటారా?

వర్ధంతి పక్కన ‘వేడుకలు’, ‘శుభాకాంక్షలు’ చేరడమే పొరపాటు. సభ అనండి, సంస్మరణ అనండి, నివాళి అనండి. ఈ నివాళి కూడా ఇల్లు మారిన మాటే, పూర్వం హారతి అని అర్థం.

ఇక జయంతి. కృష్ణాష్టమినాడు రోహిణీ నక్షత్రం కలిస్తే ఆ రోజుకు జయంతి అని పేరు. అక్కణ్ణుంచి మిగతా దేవుళ్లకూ, తర్వాత మహానుభావులకూ పాకింది. చిరంజీవి అయిన హనుమంతుడికి జయంతి చేస్తాం గానీ, బతికున్న మనిషికి మాత్రం తెలుగులో పుట్టినరోజే. సినిమా పుట్టదు, విడుదలవుతుంది. దానికి జయంతీ లేదు, వర్ధంతీ లేదు. కొన్ని సినిమాలకు మొదటి ఆటతోనే వర్ధంతి అయిపోతుందనుకోండి, అది వేరే సంగతి. 45వ వార్షికోత్సవం అంటే వ్యాకరణం తప్పు లేదు గానీ స్కూలు యానివర్సరీ గుర్తొస్తుంది. ‘శంకరాభరణం విడుదలై 45 ఏళ్లు’ అంటే చాలు.

రజతోత్సవం దగ్గర మాత్రం జాగ్రత్త. సినిమావాళ్ల లెక్కలో అది 25 వారాల ఆట, లోకం లెక్కలో 25 ఏళ్లు. వజ్రోత్సవం ఇంకా పేచీ. 1897లో విక్టోరియా రాణికి 60 ఏళ్లకు చేశారు. 2007 జనవరి చివర్లో తెలుగు సినిమా వజ్రోత్సవాలు 75 ఏళ్లకు జరిగాయి. ఆ లెక్క తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1931లో వచ్చిందనుకుని వేసింది. ఆ సినిమా విడుదల 1932 ఫిబ్రవరి 6 అని తర్వాత రెంటాల జయదేవ పరిశోధనలో తేలింది. అంటే వజ్రోత్సవాలు జరిగేనాటికి 75 నిండటానికి ఇంకా కొద్ది రోజులుంది!

నిండటం అంటే గుర్తొచ్చింది. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన సినీకవి ఆత్రేయగారి పుట్టినరోజు 1921 మే 7. 2020 మే 7 నుంచి నూరో ఏడు నడిచింది, 2021 మే 7తో నూరేళ్లు పూర్తయ్యాయి. ఎన్టీఆర్ శతజయంతి ఉత్సవాలను 2022 మే 28న మొదలుపెట్టి 2023 మే 28న ముగించడం కూడా ఈ లెక్కే. పూర్తయ్యాయి అన్నాను, చూశారా? ‘ఆత్రేయకు నూరేళ్లు నిండాయి’ అని రాసి చూడండి. 1989లో పోయిన ఆయన్ని మళ్లీ చంపినట్టుంటుంది. మన భాషలో యాభై నిండొచ్చు, ఎనభై నిండొచ్చు, నూరు మాత్రం నిండకూడదు. దీవించేటప్పుడు మాత్రం ‘నిండు నూరేళ్లు’ బతకమంటాం!

ఆ ఫ్లెక్సీ వేసినవాళ్లు మీకు తెలిసినవాళ్లయితే వాళ్లకు ఇంకో తేదీ చెప్పండి. బాలుగారి తొలి సినిమా పాట, కోదండపాణిగారి సంగీతంలో, 1966 డిసెంబరు 15న రికార్డయింది. 2026లో అదే రోజుకు 60 ఏళ్లు. ‘బాలు తొలిపాటకు షష్టిపూర్తి’ అని వేసుకోమనండి. పాట పోలేదు కాబట్టి వేడుకలు అనొచ్చు, శుభాకాంక్షలూ చెప్పొచ్చు. ‘ట’కు ఒత్తు మాత్రం ఇవ్వనీయకండి. షష్టి అంటే అరవై, షష్ఠి అంటే ఆరో తిథి.